ఇప్ప రాలే రోజుల్లో భద్రాద్రి దారి

హైదరాబాదులో సెలవు రోజు సరదాకు కాలంతో పనిలేకుండా పోయింది. మాల్‌లో ఏప్రిల్‌కీ డిసెంబరుకీ తేడా లేదు. అదే చల్లదనం, అవే దీపాలు, అదే బిల్లు. నలుగురున్న కుటుంబం ఒక సినిమా చూసి ఏదో ఇంత తిని వచ్చేసరికి నెల జీతంలో ఒక ముక్క కరిగిపోతుంది. ఫలానా నెల వచ్చిందంటే ఫలానా చోటికి పోవాలి అనిపించే చవకైన సరదాల్లో మా ఊరికి గట్టిగా మిగిలింది నాంపల్లి నుమాయిష్. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ కోసం ఇప్పటికీ జనవరి 1 ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఇళ్లున్నాయి. ఆ ఎదురుచూపులోనే సగం ఆనందం ఉంది. మిగతా ఏడాదంతా మనం అలా ఎదురుచూడటం మానేశాం.

శ్రీరామనవమి సందడి తగ్గాక అమ్మను వెంటబెట్టుకుని ఖమ్మం మీదుగా భద్రాచలం అడవి అంచు దాకా వెళ్లొచ్చాను. ఎండలు ముదిరాక అడవికేంటని చుట్టాలు అడిగారు. ఎండాకాలంలోనే ఆ అడవి తన చేతిలో ఉన్నది పంచుతుందని వాళ్లకు ఇప్పుడు చెప్పగలను.

ఖమ్మంలో ఆ రోజుల్లో ఊరంతా మిర్చి ఘాటే. వ్యవసాయ మార్కెట్ యార్డు దగ్గరికి పోతే కళ్లు మండుతాయి, తుమ్ములు ఆగవు. అయినా చూడాల్సిన చోటు. ఖమ్మం తేజా మిర్చికి పేరున్న ఊరు. తెల్లవారకముందే వచ్చిన బస్తాలు వరసలుగా నిలబడి ఉంటే, జెండా పాట మొదలయ్యే వేళకు రైతుల ముఖాలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఆ రోజు పలికే గరిష్ట ధర ఆ పాటలోనే తేలుతుంది. ఒక పక్కన ఆడవాళ్లు కొంగు ముక్కుకు చుట్టుకుని తాలు కాయలు ఏరుతున్నారు. ఎర్రకాయ ఒక వైపు, తెల్లబారిన తాలు ఒక వైపు. ఎండలో వాళ్ల చేతులు ఆగకుండా ఆడుతూనే ఉన్నాయి. మనం చిటికెడు కారం వేసుకునే ముందు ఎన్ని వేళ్లు ఆ కాయను తాకాయో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

సాయంత్రం లకారం చెరువు కట్ట మీదికి ఖమ్మం దిగివచ్చింది. మా ట్యాంక్‌బండ్ మీద సాయంత్రాలు హారన్ల మధ్య గడుస్తాయి. ఇక్కడ చెరువు చుట్టూ నడిచేవాళ్ల మాటలు వినపడుతున్నాయి. తీగల వంతెన మీద పిల్లలు పరుగులు తీస్తున్నారు. చాలామంది ఇంటి నుంచే గిన్నెలు తెచ్చుకున్నారు. కట్ట మీద కొనేదల్లా చెరుకు రసం, ఉప్పుకారం చల్లిన పచ్చి మామిడి ముక్కలు. మా పక్క బెంచీ మీద కూర్చున్న ఇల్లాలు మేము ఊరికి కొత్తని గమనించి, తన పొట్లంలోని మామిడి ముక్కలు అమ్మ చేతిలో పెట్టింది. "కాయ ఇప్పుడే పులుపెక్కింది, రుచి చూడండి పిన్నిగారూ" అంది. ఊరి పేరు అడిగింది, పిల్లల చదువులు అడిగింది, కిన్నెరసాని చూడకుండా పోవద్దంది. పేర్లు చెప్పుకోకుండానే విడిపోయాం.

భద్రాచలం బస్సులో మూడొంతులు ఆడవాళ్లే. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు ఇస్తాడు. ఈ పథకం మంచిచెడ్డల మీద మా ఊళ్లో ఎన్నో వాదనలు విన్నాను. ఏన్కూరులో ఎక్కి మా సీటు అంచున సర్దుకున్న పెద్దావిడ మాట ఆ వాదనల్లో ఎక్కడా వినలేదు. గోదావరి స్నానానికి ఒక్కతే పోతోంది. "ఇదివరకు కొడుకు తీసుకపోతేనే పోయేదాన్ని బిడ్డా. వానికి తీరిక ఉండదు, నాకేమో అడగబుద్ధి కాదు. ఇప్పుడు కార్డు కొంగున కట్టుకుని నేనే పోతున్న" అంది. కొంగు ముడి విప్పి కార్డు చూపించింది కూడా. డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషికి తన ఇష్టానికి తాను ఇల్లు కదిలే స్వేచ్ఛ దొరికింది. చవకైన ప్రయాణం అన్నమాటకు అంతకంటే పెద్ద అర్థం నాకు అక్కర్లేదు.

తల్లాడ దాటేదాకా మామిడి తోటలు కనిపించాయి. జూలూరుపాడు దాటేసరికి దారి పక్కన అడవి మొదలైంది. టేకు ఆకు రాల్చి నిలబడింది. మోదుగు పూలు అక్కడక్కడా కొమ్మ చివర మాత్రం మిగిలాయి. వాటి మధ్య ఇప్పచెట్లను అమ్మ దూరం నుంచే గుర్తుపట్టింది. పాత ఆకు పోయి, రాగి రంగు చిగురు అప్పుడే తొంగిచూస్తోంది. బస్సు ఆగిన చోట ముంజలవాళ్లు కిటికీల దగ్గరకు వచ్చారు. సీజను మొదట్లో ముంజ పలచగా, నీళ్లు నీళ్లుగా ఉంటుంది. వేలితో పొడిస్తే లోపలి నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంకో నెల పోతే గట్టిపడి ఆ లేతదనం ఉండదు. పెద్దావిడ తన వంతు మాతో పంచుకుని, పై తొక్క తీయకుండా తింటే వేడి చేయదని నేర్పింది.

పాల్వంచ రాగానే అమ్మ కిటికీలోంచి పెద్ద గొట్టాల కోసం వెతికింది. ఆమె చిన్నప్పుడు ఈ దారిన వెళ్తే థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లే పాల్వంచ వచ్చిందని చెప్పే గుర్తు. పాత స్టేషన్ కాలం చెల్లాక 2024 ఆగస్టులో ఆ ఎనిమిది టవర్లనూ కూల్చేశారు. కొత్త కేంద్రం మాత్రం పనిచేస్తూనే ఉంది. దానికి నీళ్లిచ్చేది కిన్నెరసాని.

ఆ కిన్నెరసాని దగ్గరకే మధ్యాహ్నం చేరాం. విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' చదివిన తరానికి ఈ పేరు వినగానే అత్తింటి కష్టానికి కరిగి వాగైపోయిన కోడలు, ఆమె కోసం రాయిగా మారిన భర్త గుర్తొస్తారు. అమ్మ ఆ తరం మనిషి. ఆనకట్ట మీద నిలబడి కొండల మధ్య పరుచుకున్న నీళ్లను చాలాసేపు చూసింది. చుట్టూ ఉన్న అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లు. జలాశయంలో మొసళ్లున్నాయి, ఒడ్డున జింకల పార్కు ఉంది. ఎండపూట చుక్కల జింకలు నీడకు చేరి కదలకుండా పడుకుంటే, చూడవచ్చిన పిల్లలు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక కుటుంబం చెట్టు కింద చాప పరిచి పులిహోర విప్పింది. ఇంటిల్లిపాదికీ ఆ రోజు ప్రవేశ రుసుము తప్ప పెద్ద ఖర్చున్నట్టు లేదు. తిన్నాక ఇంటిపెద్ద ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు సంచిలో మూటగట్టి వెంట పట్టుకెళ్లాడు. ఎవరూ చెప్పకుండా చేసిన ఆ పని నాకు బాగా నచ్చింది.

సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కాం. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన పాత వంతెన పక్కనే ఇప్పుడు కొత్త వంతెన కూడా ఉంది. కింద గోదావరి చైత్రపు గోదావరి. సగం ఇసుక, సగం నీళ్లు. స్నానఘట్టాల దగ్గర దిగి చూస్తే, ఈ నదే 2022 జులైలో 71.3 అడుగులకు లేచి ఊరిని చుట్టుముట్టిందంటే నమ్మబుద్ధి కాదు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. భద్రాచలంలో చిన్నపిల్లలకు కూడా ఈ అంకెలు నోటికొచ్చు. 1986లో 75.6 అడుగులు వచ్చిన వరదను పెద్దవాళ్లు ఇప్పటికీ నిన్నటి సంగతిలా చెబుతారు. మా ఊరివాళ్లు వర్షాకాలమంటే ట్రాఫిక్ గురించి మాట్లాడతారు. ఇక్కడివాళ్లు నది ఎత్తు గురించి మాట్లాడతారు.

గుడి ముందు నవమి పందిళ్లు విప్పుతున్నారు. కల్యాణం జరిగిన మిథిలా మండపం మెట్ల సందుల్లో గులాబీ రంగు తలంబ్రాలు ఇంకా చిక్కుకుని ఉన్నాయి. ఇక్కడ తలంబ్రాల్లో గులాలు కలపడం ఆనవాయితీ. ఫాల్గుణ పౌర్ణమినాడే ఆ పని మొదలవుతుంది. వడ్లను గోటితో ఒలిచి ఆ బియ్యాన్ని భుజాన మోసుకొచ్చే భక్తులున్నారు. ఒక్కో గింజ నూక కాకుండా ఒలవాలంటే ఎంత నిదానం కావాలో! కల్యాణం రోజున కోట్లమంది టీవీల్లో చూస్తారు. జనం వెళ్లిపోయాక వచ్చిన మాకు రాముడు తీరిగ్గా దొరికాడు. దర్శనమయ్యాక మండపంలో కూర్చుంటే ఎవరూ లేవమనలేదు.

నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణా తహసీల్దారై, ఈ గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో మగ్గిన కంచర్ల గోపన్న కథ మనకు తెలిసిందే. ఆయనకు ముందే ఈ కొండ మీద రాముణ్ణి చూసిన ఆడమనిషి కథ అంతగా చెప్పుకోం. పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ పుట్టలో ఉన్న విగ్రహాలను కనిపెట్టి, పందిరి వేసి, దగ్గర్లో రాలిన తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. ఏ కాలానికి అడవి ఏది ఇస్తే అదే దేవుడికి. ఏటా శబరి స్మృతి యాత్రలో ఆదివాసులు అడవి పూలు, పండ్లు తెచ్చి ఈ గుడిలో సమర్పించడం ఆ వరసే. బంగారు పతకాలు చూసి మురిసిపోయే మనం, ఇక్కడి తొలి నైవేద్యం ఖరీదు లేని పండని మరిచిపోకూడదు.

మరునాడు చీకటితోనే పర్ణశాల దారి పట్టాం. దుమ్ముగూడెం వైపు పోతుంటే గాలిలో ఒక తీపి వాసన, కొంచెం పులిసిన బెల్లం పాకంలా, ముందు సన్నగా, తర్వాత దట్టంగా తగిలింది. అది ఇప్పపువ్వు. ఆటో ఆపించి దిగాం. రోడ్డుకు కొంచెం లోపల ముగ్గురు కోయ ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు చెట్టు కింద వంగి పూలు ఏరుతున్నారు. ఇప్పపువ్వు రాత్రి చివర రాలుతుంది. వెలుతురు రాగానే ఏరాలి. పొద్దెక్కితే వాడిపోతుంది, పశువులు తినేస్తాయి. ఎలుగుబంట్లకు కూడా ఈ పువ్వంటే ప్రాణం కాబట్టి ఒంటరిగా రారు. చెట్టు కింద నేల ఊడ్చి శుభ్రంగా ఉంది. దాని మీద మీగడ రంగు పూలు ఒత్తుగా పడి ఉన్నాయి. రేకులు విడివిడిగా ఉండవు. చిన్న గోళీలాగా, కండపట్టి, లోపల డొల్లగా ఉంటుంది పువ్వు. వేళ్ల మధ్య నొక్కితే జిగట అంటుకుంటుంది.

"తినొచ్చా అక్కా?" అని అడిగాను.

"తిను. కడుపు నిండా తినకు" అని నవ్విందామె.

నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనక కొద్దిగా వగరు. ఎండబెడితే ఎండుద్రాక్షలా ముడుచుకుని ఏడాదంతా నిలవ ఉంటుందట. కొంత ఇంట్లో వండుకుంటారు, కొంత సారా కాస్తారు, కొంత అమ్ముతారు. ఈ చెట్టు తమదనీ, అవతలిది మరిదివాళ్లదనీ చెప్పింది. కంచె లేదు, గీత లేదు. ఎవరి చెట్టు కింద వాళ్లే ఏరుకుంటున్నారు. అడవిలో ఉన్నదంతా ఎవరిదీ కాదని నగరంలో అనుకుంటాం. అక్కడ ప్రతి చెట్టుకూ ఒక ఇల్లుంది, ఆ ఇంటి ఏడాది ఖర్చులో ఆ చెట్టు వాటా ఉంది. ఇంకొద్ది రోజుల్లో తునికాకు మొదలవుతుంది. కొమ్మ కొట్టిన తునికి పొదలు అప్పుడే లేత చిగుళ్లు వేస్తున్నాయి. 50 ఆకులు ఒక కట్ట, ఆ కట్టలు కల్లానికి చేర్చాలి. మండుటెండలో వాళ్ల చేతికి కాసిని డబ్బులొచ్చే రోజులవి.

గుడిసె పక్క మామిడిచెట్టు నిండా కాయలున్నాయి. అమ్మ ఆ కాయల పులుపు గురించి అడిగితే, "ఇంకా తినలేదమ్మా. పండుగ చేయలే. వేల్పుకు పెట్టందే మేం కొరకం" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కష్టమేమీ లేదు. చిక్కుడైనా, మామిడైనా, కొత్త ధాన్యమైనా ముందు కొత్త పండుగ, తర్వాతే నోటికి. పిల్లలు కూడా చెట్టు వైపు చేయి చాచడం లేదు.

ప్రయాణం మొత్తంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచిన సంగతి ఇదే. మా ఇంట్లో మామిడిపండు ఫిబ్రవరిలోనే బల్ల మీదికి వస్తుంది. పుచ్చకాయ దసరాకూ దొరుకుతుంది. కాలం రాకముందే ఎక్కువ డబ్బు పోసి కొంటాం. కాలం వచ్చేసరికి మొహం మొత్తుతుంది. మా సరదాలు ఖరీదైపోవడానికి కారణం అక్కడే ఉందనిపించింది. దేనికోసమూ ఆగలేని వాళ్లకు ప్రతిదీ ప్రియమే. ఆగగలిగిన ఆ ఇంటికి కాయ పులుపెక్కడమే ఒక పండుగ.

పర్ణశాలలో సీతమ్మ చీర ఆరేసిందని చెప్పే రాతిచారలు, పసుపు కుంకుమ రంగులు తేలే రాళ్లు చూపించడానికి స్థానిక కుర్రవాళ్లు ముందుకొస్తారు. సీతవాగు ఎండిపోయి రాళ్లు బయటపడితేనే అవి బాగా కనిపిస్తాయి. వానాకాలం వస్తే నీటి కింద వెతుక్కోవాలి. తిరుగుదారిలో భద్రాచలం ఐటీడీఏ ఆవరణలోని గిరిజన మ్యూజియం చూశాం. కోయల కొమ్ముల తలపాగాలు, డోళ్లు, వేట పరికరాలు, వెదురు సామాను ఉన్నాయి. ఉదయం ఆ అక్క చేతిలో చూసిన బుట్టలాంటిదే అక్కడ ఒక బల్ల మీద ఉంది. పొద్దున పనిలో చూసిన వస్తువును మధ్యాహ్నం మ్యూజియంలో చూడటం ఈ ఊళ్లోనే సాధ్యం.

సాయంత్రం గుండాల ఒడ్డు. గోదావరి తగ్గి ఇసుక తేలిన రోజుల్లో ఇక్కడ గుంట తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. ఎవరి గుంట వాళ్లే చేతులతో తవ్వుకుంటున్నారు. మోచేతి లోతు పోగానే అడుగున తడి కనిపించింది. తర్వాత సన్నగా బుడగలు, తర్వాత వేళ్లు చురుక్కుమనే నీళ్లు. పక్క గుంటలో ఒక తాత మోకాళ్ల దాకా కాళ్లు పెట్టుకుని కూర్చుని, అమ్మను కూడా పిలిచాడు. "రా చెల్లెమ్మా, నొప్పులకు మంచిది" అని సగం గుంట ఆమెకు వదిలాడు. పెద్ద పెద్ద స్పాల ప్రకటనలు చూసే నగరం మాది. అక్కడ అమ్మకు దొరికింది ఇసుక, నది, ఒక అపరిచితుడి మర్యాద. పైసా ఖర్చు లేదు.

గుండాల ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో. 2014లో పోలవరం కోసం ముంపు మండలాలను కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలి, చుట్టుపక్కల ఎటపాక, పురుషోత్తపట్నం లాంటి ఊళ్లు అటు వెళ్లాయి. మరునాడు చింతూరు బస్సులో సరిహద్దు దాటాక మా జీరో టికెట్టు చెల్లలేదు, అక్కణ్నుంచి డబ్బిచ్చి కొన్నాం. అడవికి మాత్రం గీతేమీ లేదు. అదే టేకు, అదే ఇప్ప, అదే కోయమాట. చింతూరు రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుస్తున్నారు. మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు గొట్టంలో కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ఉంటారు. ఆకుపచ్చ బొంగు మెల్లగా నల్లబడుతుంది. ఆకు సందు నుంచి ఆవిరి బుసలు కొడితే అయిందని లెక్క. చీల్చగానే వచ్చే మొదటి ఆవిరిలో వెదురు తడి వాసన ఉంటుంది. అది నగరంలో ఏ హోటలూ ఇవ్వలేదు, ఎందుకంటే అక్కడికి చేరేసరికి బొంగు ఎండిపోతుంది.

అక్కడ గంపలో తునికిపండ్లు అమ్ముతున్న అమ్మాయి దగ్గర అమ్మ అలవాటుగా బేరం మొదలుపెట్టి, మధ్యలో తనే ఆపేసింది. అడిగినంతా ఇచ్చింది. ఆ అమ్మాయి ఆకుదొప్ప పైన ఇంకో గుప్పెడు వేసింది.

చివరికి కూనవరం. ఒడిశాలో కొలాబుగా పుట్టి, మోటు దగ్గర సీలేరును కలుపుకుని వచ్చే శబరి ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. కొండల నీడలో రెండు నీళ్లూ కొంతదూరం పక్కపక్కన నడవడం ఒడ్డు నుంచి చూశాం. ఈ ఒడ్డు, ఈ ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నవి. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. టీ కొట్టు యజమాని తన గోడ మీద 2022 వరద ఎక్కిన మేర చూపించి, గ్లాసులు కడుక్కుంటూనే మాట్లాడాడు. ఊరు కదలాల్సి వస్తే అంగడి ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ఈ రేవు ఎక్కడ దొరుకుతుందన్నాడు. సరదాగా వచ్చి ఫొటో తీసుకుని పోయే మనకు ఈ మాట తెలిసి ఉండాలి. మనం చవకగా అనుభవించే ప్రతి నీడ వెనుకా ఎవరిదో జీవితం ఉంది. దాని బాగోగులు కనుక్కోవడం కూడా యాత్రలో భాగమే.

తిరిగొచ్చాక మా అపార్టుమెంటు ఆడవాళ్లతో కూర్చుని ఒక కాగితం మీద నెలలు రాశాం. చైత్రంలో నవమి, ఇప్పపూలు. ఆషాఢ శ్రావణాల్లో గోదావరి జోరును కరకట్ట మీద నుంచి చూడటమే, నీళ్లలోకి దిగకూడదు. కార్తీకంలో కిన్నెరసాని వనభోజనాలు. ధనుర్మాసంలో ముక్కోటికి ముందురోజు గోదావరిలో హంసవాహనం మీద రాముడి తెప్పోత్సవం. జనవరిలో మన నుమాయిష్ ఎలాగూ ఉంది. ఇన్నింటికీ కలిపి వేసిన లెక్క మాల్‌లో రెండు మూడు ఆదివారాల ఖర్చును దాటలేదు.

కార్తీకం ప్రయాణం ఖాయం చేసుకున్నాం. వంట సామాను మాది. విస్తర్లు మాత్రం ఇక్కణ్నుంచి పట్టుకెళ్లం. అడ్డాకులు కుట్టి అమ్మేవాళ్లు ఆ దారిలోనే ఉన్నారు, వాళ్లు చెప్పిన ధరకే కొంటాం. తిన్నాక ఆ కొత్తగూడెం ఇంటిపెద్దలాగే చెత్తంతా సంచిలో వేసుకుని మా ఊరికి తెచ్చుకుంటాం. ఇది చదివినవాళ్లలో ఎవరైనా అదే రోజుల్లో బయల్దేరితే మరీ మంచిది. ఆనకట్ట దగ్గర చెట్ల నీడ అందరికీ సరిపోయేంత ఉంది.